కాక్స్ బొమ్మ కారు (ఫ్యూయల్‌తోని నడిచేది) ఇంజన్ టప్పుమని స్టార్ట్ అయి ఆగిపోతుంటే

గ్లో ప్లగ్ (ఫ్యూయల్‌ని అంటించే వేడి తీగ ఉన్నది) ఎర్రగ వెలుగుతుంది, సిలిండర్ల రెండు చుక్కల ఫ్యూయల్ పోస్తే టప్పుమని స్టార్ట్ అయి ఆగుతుంది అన్నవ్ కదా అన్నా, అంటే ప్లగ్ మంచిగనే ఉంది, ట్యాంకు నుంచి ఫ్యూయల్ గుంజుతలేదు. రీడ్ వాల్వ్, అంటే ఫ్యూయల్‌ని ఇంజన్ లోపలికి వదిలే చిన్న రేకు తలుపు, అతుక్కపోయి ఉంటది. ఈ ఫ్యూయల్ల ఆముదం కలుపుతరు, మీ బాబాయి దుబాయ్ నుంచి తెచ్చినప్పటి సంది అటక మీదనే ఉంది కాబట్టి ఎండి బంక అయి ఉంటది.

1. వెనక ప్లేటు స్క్రూలు విప్పు, మధ్యల ఉండే గ్యాస్కెట్ (లీక్ కాకుండ పెట్టే పలచటి పొర) చినగొద్దు.

2. లోపల గోరంత పలచటి రేకు ఉంటది, అదే రీడ్. అందరు సిలిండర్ తళతళ కడిగి దీన్నే మర్శిపోతరు. దాన్ని పట్టుకున్న సన్న తీగ రింగు తీసి రేకుని స్పిరిట్ల నానబెట్టి మెత్తటి బ్రష్‌తోని తుడువు, గీకకు, వంగితే మళ్ల సీల్ కాదు. పెట్టినంక ప్లేటు ఊపితే రేకు వదులుగ కదలాలె, అతుక్కుంటే మళ్ల కడుగు.

3. నీడిల్ (ఫ్యూయల్ ఎక్కువ తక్కువ చేసే సూది స్క్రూ) తీసి ఆ సన్న రంధ్రంల గూడ స్పిరిట్ కొట్టు.

4. స్క్రూలు ఎదురెదురుగ బిగించు.

ప్లగ్‌కు 1.5 వోల్టులే ఇయ్యి, 9 వోల్టుల బ్యాటరీ పెడ్తే లోపలి తీగ కాలిపోతది. హన్మకొండల బైక్ మెకానిక్‌కు ఇచ్చినా పెట్రోల్ మాత్రం పోయనియ్యకు, దీనికి మిథనాల్, నైట్రో (నైట్రోమీథేన్), ఆముదం కలిపిన గ్లో ఫ్యూయలే.