కొత్త ప్లాస్టరింగ్ డొల్లగా మోగుతుంటే

అన్నా, బెడ్‌రూమ్ గోడకు మీరే వేసిన ప్లాస్టరింగ్ రెండో రోజుకే పగుళ్లిచ్చి, తడితే డొల్లగా మోగుతోందన్నారు కదా. గోడ తడపకుండా వేశానన్నారు, అసలు కారణం అదే. పొడి ఇటుక, సిమెంట్-ఇసుక కలిపిన మాల్‌లోని నీళ్లు పీల్చేస్తే పట్టు ఉండదు. మోగే చోటల్లా ఉలితో ఇటుక దాకా చెక్కేయండి, మొహమాటపడొద్దు. ఇటుకల సందులు సెంటీమీటరు లోతున గీకి, వైర్ బ్రష్‌తో దుమ్మంతా దులపండి. ముందురోజే గోడ బాగా తడపండి. వేసేటప్పుడు చెమ్మ ఉండాలి, నీరు కారకూడదు.

జల్లించిన ఇసుక ఆరు పాళ్లకు సిమెంట్ ఒక పాలు, మందం 12 మిల్లీమీటర్లు చాలు. అరగంటలో వాడేయగలిగినంతే కలపండి. బీమ్, ఇటుక కలిసేచోట ముందే చికెన్ మెష్ (సన్నని ఇనుప తీగల వల) కొట్టండి. ప్లాస్టరింగ్ అయ్యాక కనీసం 7 రోజులు నీళ్లు కొట్టాలి. పుట్టీకి తొందరపడొద్దు, గోడ పూర్తిగా ఆరనివ్వండి.