మెదడు వయసు 74 అంటే భయపడాలా?

ప్రశ్న: మా మామగారు రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్, వయసు 66. మా ఆడపడుచు అమెరికా నుంచి తెచ్చిన, చేతిలో పట్టుకుని ఆడే పాత వీడియో గేమ్ పరికరం నింటెండో డీఎస్‌లో ‘బ్రెయిన్ ఏజ్’ ఆడుతున్నారు. మొదటి రోజే మెదడు వయసు 74 అని చూపించింది. మతిమరుపు మొదలైందేమోనని అప్పటి నుంచి ఒకటే టెన్షన్. అసలు ఈ ఆటతో జ్ఞాపకశక్తి పెరుగుతుందా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు ఈ మాట మీ మామగారికి చదివి వినిపించండమ్మా. ఆ 74 డాక్టరు చెప్పిన అంకె కాదు. ఆ ఆటలో అందరికీ 20 నుంచి 80 లోపే వస్తుంది, అదీ ఎక్కువగా వేగాన్ని బట్టి. డీఎస్‌ను పుస్తకంలా నిలువుగా పట్టుకుని, పుల్లలాంటి పెన్నుతో అంకెలు రాయడం ఆయనకు కొత్త. రాసిన అంకెను అది తప్పుగా చదివినా టైం పోతుంది. రంగుల పరీక్ష మరీ కష్టం. ‘రెడ్’ అనే మాట నీలం అక్షరాల్లో కనిపిస్తే ‘బ్లూ’ అని మైకులో చెప్పాలి. మన ఉచ్చారణ దానికి అందకపోతే మళ్లీ చెప్పాల్సిందే. కొన్నాళ్లకు చెయ్యి అలవాటు పడి వయసు తగ్గుతుంది. మెదడు వెనక్కి ప్రయాణించినట్టు కాదది, అభ్యాసం.

ఈ ఆట 2005లో జపాన్‌లో వచ్చింది. దీని వెనకున్నది తొహోకు విశ్వవిద్యాలయ ఆచార్యుడు ర్యూట కవాషిమా. చిన్న లెక్కలు గబగబా చేసినా, పైకి చదివినా మెదడు ముందుభాగం చురుగ్గా పనిచేస్తుందని ఆయన స్కానింగుల్లో గమనించారు. ఆయన బృందమే 2012లో 32 మంది వృద్ధులతో 4 వారాల పరిశోధన ప్రచురించింది. పై నుంచి పడే ముక్కలను పేర్చే టెట్రిస్ ఆట ఆడినవాళ్ల కంటే ఈ ఆట ఆడినవాళ్లలో ఆలోచనా వేగం మెరుగైంది, ఏకాగ్రతలో మాత్రం తేడా రాలేదు. ఇలాంటి కంప్యూటర్ అభ్యాసాలపై 11,430 మందితో చేసిన మరో పెద్ద పరిశోధన 2010లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. చేసిన అభ్యాసాల్లో నేర్పు పెరిగింది కానీ అది వేరే పనులకు పాకలేదు. అందుకే ఇది మతిమరుపును ఆపుతుందని నేను చెప్పను.

ఇష్టమైతే ఆడనివ్వండి. మీ మామగారు ఎడమచేతి వాటం అయితే ఆ సెట్టింగ్ కూడా ఉంది. పొద్దున్నే తెలుగు పేపరు పైకి చదివించుకోండి, సాయంత్రం నడకకు పంపండి. తెలిసిన దారి తప్పుతున్నా, ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతున్నా ఆట స్కోరు చూడకుండా న్యూరాలజిస్టు దగ్గరకు తీసుకెళ్లండి.