పాత బ్రిటిష్ సూట్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పాత బ్రిటిష్ సూట్లను సేకరించడం గురించీ, వాటిని తొడుక్కోవడం గురించీ వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ నెల జవాబులిస్తున్నాము. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి ఒకటిగా చేశాము.

ప్రశ్న: నేను ఉద్యోగరీత్యా ఇంగ్లండులోని లీడ్స్‌లో ఉంటున్నాను. ఇక్కడి ఒక దుకాణంలో ముదురు నీలం రంగు డబుల్ బ్రెస్ట్ సూటు (ముందు భాగాలు ఒకదాని మీద ఒకటి వచ్చి, రెండు వరుసల గుండీలుండే రకం) చూశాను. లోపల మాంటేగ్ బర్టన్ పేరుతో ఒక లేబులు, సీసీ41 గుర్తుతో మరొక లేబులు ఉన్నాయి. అది 1943లో కుట్టినదని చెప్పి ఎక్కువ ధర అడుగుతున్నారు. నమ్మవచ్చా? (లీడ్స్ పాఠకుడు)

జవాబు: గుర్తు నిజమైనదే కావచ్చు గాని, 1943 అన్న సంవత్సరానికి మాత్రం ఆ కోటు కత్తిరింపే అడ్డు చెబుతోంది. బ్రిటన్‌లో బట్టలకు రేషను 1941 జూన్ 1న మొదలైంది. ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం తయారైన యుటిలిటీ దుస్తులకు రెజినాల్డ్ షిప్ గీసిన సీసీ41 గుర్తును వేసేవారు. అందులోని రెండు సీ అక్షరాలు ముక్క కోసి తీసిన జున్ను చక్రాల్లా ఉంటాయి. గుడ్డను ఆదా చేయడానికి 1942లో వచ్చిన పొదుపు నిబంధనలు డబుల్ బ్రెస్ట్ కోట్లను, ప్యాంటు అంచున పైకి మడిచే మడతను, కోటు చేతుల చివర అలంకారానికి కుట్టే గుండీలను నిషేధించి, జేబుల సంఖ్యకు కూడా హద్దు పెట్టాయి. మగవారి దుస్తుల మీద ఈ ఆంక్షలను 1944 తొలినాళ్ళలో ఎత్తివేశారు. యుటిలిటీ పథకం మాత్రం 1952 దాకా సాగింది. అందువల్ల సీసీ41 లేబులున్న డబుల్ బ్రెస్ట్ కోటు నిషేధానికి ముందరి కొద్ది నెలలదైనా అయి ఉండాలి, 1944కూ 1952కూ మధ్యదైనా అయి ఉండాలి. రెండవదే ఎక్కువగా జరిగే మాట.

ఇక తేదీ తేల్చుకోవడానికి ముందుగా కోటు లోపలి ఛాతీ జేబును వెలుపలికి తిప్పి చూడండి. కొలతలిచ్చి కుట్టించుకున్న బ్రిటిష్ కోట్లలో, ఆ జేబు లోపల, తొడిగినవారి పేరు, ఆర్డరు సంఖ్య, తేదీ ఉన్న చిన్న గుడ్డ చీటీని కుట్టడం ఆనవాయితీ. బర్టన్ వ్యాపారంలో పెద్ద భాగం దుకాణంలో కొలతలు తీసుకుని, లీడ్స్ కర్మాగారంలో కత్తిరించి కుట్టినదే కనుక అటువంటి చీటీ దొరికే అవకాశం బాగానే ఉంది. చీటీ ఊడిపోయి ఉంటే మిగతా ఆనవాళ్ళు వెతకాలి. ప్యాంటు ముందు భాగంలో గుండీలున్నాయా, జిప్పు ఉందా అన్నది ఒక సూచన మాత్రమే. జిప్పు 1930లలోనే ఖరీదైన సూట్లలోకి వచ్చినా, సామాన్యుల ప్యాంట్లలో అది మామూలు కావడానికి 1950లు దాటాయి. ఉన్ని ఉండలాంటి వూల్‌మార్క్ చిహ్నం 1964లో వచ్చింది కాబట్టి అది కనిపిస్తే ఇక యుద్ధకాలం మాట ఎత్తనక్కరలేదు. టెరిలీన్ అనే కృత్రిమ దారం కలిసిన గుడ్డ 1950ల నాటిదో, ఆ తరువాతిదో. ఉతుకు, ఇస్త్రీ గుర్తులున్న లేబులైతే ఇంకా తరువాతిది. సీసీ41 లేబుళ్ళు విడిగా కూడా అమ్మకానికి వస్తున్నాయి. అందుచేత ఆ లేబులును కుట్టిన దారం అస్తరు కుట్టులోని దారంతో సమానంగా పాతబడి ఉందో లేదో తప్పక చూడండి.

మీరున్నది లీడ్స్ కనుక మరొక మాట. ఆ ఊళ్ళోని బర్టన్ వారి హడ్సన్ రోడ్డు కర్మాగారంలో ఒకప్పుడు దాదాపు 10,000 మంది పనిచేసేవారు. యుద్ధం ముగిశాక సైన్యం నుంచి విడుదలైన లక్షలాది సైనికులకు ప్రభుత్వం ఇచ్చిన డీమాబ్ సూట్లలో కూడా ఎన్నింటినో బర్టన్ సంస్థే కుట్టింది. బర్టన్ సూట్లు గుమాస్తాలు, కార్మికులు, బడిపంతుళ్ళు చిరిగేదాకా తొడిగినవి కాబట్టి తక్కువగా మిగిలాయి. బీరువాల్లో పదిలంగా దాగిన దొరల సూట్లే ఎక్కువగా మిగిలాయి. సేకరించేవారు ఖరీదైన దర్జీలకు పేరుపొందిన లండన్ వీధి సావిల్ రో పేరు వినగానే మురిసిపోయి, ఈ కర్మాగారపు సూట్లను చిన్నచూపు చూడటం నాకు నచ్చని పని. ధర తగ్గించి అడగండి; గుడ్డ బాగుంటే కొనండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో పాత సూటు తెప్పించుకోవాలనుకుంటున్నాను. నా ఛాతీ 38 అంగుళాలు. లేబులు మీద 38 అని ఉంటే సరిపోతుందా? (విశాఖపట్నం పాఠకుడు)

జవాబు: లేబులు మీది అంకెను పట్టించుకోకండి. చాలా పాత కోట్లకు అసలు అంకే ఉండదు. ఉన్నా, ఆ తరువాత ఎవరో ఒకరు కోటును బిగించో వదులు చేయించో ఉంటారు. గుండీలు పెట్టి బల్ల మీద పరిచిన కోటుకు ఒక చంక నుంచి రెండో చంక దాకా ఎన్ని అంగుళాలున్నాయో అమ్మేవారిని అడగండి. ఆ సంఖ్యను రెట్టింపు చేసి, అందులోంచి మూడు నాలుగు అంగుళాలు తీసివేస్తే, అది ఏ ఛాతీకి సరిపోతుందో సుమారుగా తెలుస్తుంది. అంటే మీకు 21 అంగుళాలు ఉండాలి. ఆ తరువాత భుజం కుట్టు నుంచి భుజం కుట్టు దాకా వెడల్పు అడిగి, మీకు బాగా కుదిరిన కోటుతో పోల్చుకోండి. భుజాలు కుదరని కోటు ఎంత చవకైనా కొనవద్దు. నడుమును, చేతుల పొడవును మన దర్జీలు చక్కగా సరిచేస్తారు. భుజాన్ని సరిచేయాలంటే కోటును సగం విప్పి మళ్ళీ కుట్టాలి.

పాత దర్జీతనంలో మనకు కలిసివచ్చే విషయం ఒకటి ఉంది. ప్యాంటు వెనక కుట్టు లోపల, కోటు పక్క కుట్టుల్లో, మనిషి లావెక్కితే వదులు చేయడానికి అదనపు గుడ్డ వదిలేవారు. అది ఎంత ఉందో ఫొటో పంపమనండి. ప్యాంటు నడుము కొలతను మాత్రం బొడ్డు దగ్గర తీసుకోండి, ఎందుకంటే ఆ ప్యాంట్లు అక్కడే నిలుస్తాయి. చంక రంధ్రం ఎత్తుగా, ఇరుకుగా ఉండటం చూసి కోటు చిన్నదైందని కంగారుపడకండి. ఆ కత్తిరింపు వల్లనే చెయ్యి ఎత్తినా కోటు పైకి లేవదు.

గుడ్డ బరువు అడగకుండా డబ్బు పంపవద్దు. 1940ల నాటి సూటు గుడ్డ గజానికి 16 నుంచి 20 ఔన్సుల దాకా తూగుతుంది. ఈనాటి సూటు గుడ్డలు 9 నుంచి 11 ఔన్సులు. విశాఖ ఉక్కపోతలో 18 ఔన్సుల ఉన్ని తొడగడమంటే శిక్ష వేసుకోవడమే. గట్టిగా పురిపెట్టిన దారంతో, గాలి ఆడేలా వదులుగా నేసిన ఫ్రెస్కో రకం గుడ్డతో కుట్టిన పాత సూటు దొరికితే మీ ఊరికి అది పనికివస్తుంది.

ప్రశ్న: మా తాతగారు 1950లలో లండన్‌లో చదువుకునేటప్పుడు కుట్టించుకున్న సూటు మా ఇంట్లో ఉంది. అక్కడక్కడా చిల్లులు పడ్డాయి, కలరా ఉండల వాసన వదలడం లేదు. దాన్ని బాగుచేసి తొడుక్కోవచ్చా? (హైదరాబాదు పాఠకురాలి కుమారుడు)

జవాబు: తప్పక తొడుక్కోవచ్చు. అయితే బాగు చేయించడానికి ముందు, లోపల ఇంకా పురుగు బతికి ఉందేమో చూసుకోవాలి. ఉన్నిని తినేది రెక్కల చిమ్మట కాదు, దాని పిల్ల పురుగు. అది జంతువుల వెంట్రుకల్లో ఉండే కెరాటిన్ అనే ప్రొటీను మీద బతుకుతుంది. చెమట, తిండి మరకలు ఉన్న చోటును మరీ ఇష్టపడుతుంది. అందుకే చిల్లులు తరచుగా కాలరు కింద, తొడల నడుమ కనబడతాయి. సూటును పాలిథీన్ సంచిలో గాలి లేకుండా మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో రెండు వారాలు ఉంచితే గుడ్లు, పురుగులు చస్తాయి. బయటకు తీశాక, గది వేడికి వచ్చేదాకా సంచి విప్పవద్దు. విప్పితే గుడ్డ మీద నీరు పేరుకుంటుంది. వేపాకు, లావెండరు, దేవదారు చెక్క చిమ్మటలను కొంతవరకు దూరంగా ఉంచుతాయే తప్ప ఉన్నవాటిని చంపవు.

వాసన పోవడానికి నీడలో, గాలి వీచేచోట, వెడల్పాటి చెక్క హ్యాంగరుకు కొన్ని రోజులు వేలాడదీయండి. ఎండలో ఆరేస్తే రంగు వెలుస్తుంది. వెంటనే డ్రైక్లీనింగుకు పరుగెత్తకండి; మెత్తని కుచ్చులున్న బ్రష్షుతో, నేత వెంట పైనుంచి కిందికి దులిపితే చాలా మురికి పోతుంది. మాటిమాటికీ రసాయనాల్లో ముంచితే ఉన్నిలోని సహజమైన జిడ్డు పోయి గుడ్డ పెళుసవుతుంది, గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన లోపలి కాన్వాసు కూడా ఆకారం తప్పుతుంది.

చిల్లుల విషయంలో మీరు అదృష్టవంతులు. హైదరాబాదు పాతబస్తీలో రఫూ పనివారు ఇంకా ఉన్నారు. వారికి చిల్లు చూపించేటప్పుడు, ప్యాంటు లోపలి కుట్టులో వదిలిన అదనపు గుడ్డ నుంచే దారం తీసి నేయమని చెప్పండి. అలా చేస్తే రంగు తేడా రాదు. సూటును మీ కొలతకు సరిచేయించుకోండి, తాతగారి కొలతలతోనే ఉంచాలన్న పట్టుదల అక్కర్లేదు. లోపలి జేబులోని చీటీని మాత్రం దర్జీ విప్పకుండా చూసుకోండి. వానాకాలంలో ప్లాస్టిక్ తొడుగు వద్దు, బూజు పడుతుంది. పాత నూలు పంచెతో కప్పండి.

ప్రశ్న: ఎవరో చనిపోయినవారి బట్టలు తొడుక్కోవడం మంచిది కాదని మా అమ్మగారు అంటున్నారు. (గుంటూరు పాఠకుడు)

జవాబు: అమ్మగారితో వాదించకండి. మరీ పట్టుబడితే, తొడగకుండా మిగిలిపోయిన పాత సరుకు కొంత మార్కెట్లోకి వస్తూ ఉంటుంది, అది వెతకండి. దుకాణం చీటీ కూడా ఊడని అటువంటి కోటు ధర ఎక్కువే. ఆ చీటీ మీద ధర షిల్లింగులలో ఉంటే అది 1971 ఫిబ్రవరిలో దశాంశ నాణేలు రావడానికి ముందరిదని కూడా తెలిసిపోతుంది.

ప్రశ్న: ఆఫీసుకు పాత సూటు తొడుక్కుని వెళితే నాటకం వేషంలా కనబడుతుందేమోనని సంకోచం. ఎలా మొదలుపెట్టాలి? (బర్మింగ్‌హామ్ పాఠకుడు)

జవాబు: టోపీ, జేబు గడియారం, చేతికర్ర, రెండు రంగుల బూట్లు ఒకేసారి వేసుకుంటే వేషమే అవుతుంది. అవన్నీ గుడ్‌వుడ్ రివైవల్ వంటి చోట్లకు దాచుకోండి. 1998 నుంచి జరుగుతున్న ఆ పాత కార్ల పందేలకు జనం ఆనాటి దుస్తుల్లోనే వస్తారు. ఆఫీసుకు మొదట ఒక్క ట్వీడ్ కోటు చాలు. స్కాట్లాండుకు పడమట ఉన్న బయటి హెబ్రిడీస్ దీవులలో నేతగాళ్ళ ఇళ్ళల్లోనే నేసిన హ్యారిస్ ట్వీడ్‌కు శిలువతో కూడిన గోళం గుర్తు లోపల ఉంటుంది. బ్రిటన్ చారిటీ దుకాణాల్లో అటువంటి కోట్లు అరుదేమీ కాదు. సాదా ఉన్ని ప్యాంటు మీద అది ఎవరికీ వింతగా కనబడదు. చారల సూటులోని కోటును మాత్రం విడదీసి జీన్సు మీద వేసుకోవద్దు.

కోటు, ప్యాంటు, కోటు లోపల తొడిగే చేతుల్లేని వెయిస్ట్‌కోటు ఉన్న మూడు భాగాల సూటు కొన్నప్పుడు, ప్యాంటును బెల్టుతో తుంటి మీదికి దించకండి. పాత వెయిస్ట్‌కోట్లు పొట్టిగా ఉంటాయి, ఎత్తున నిలిచే ప్యాంటును లెక్కలో పెట్టుకుని కత్తిరించినవి కాబట్టి. ప్యాంటు జారితే నడుమ చొక్కా తొంగి చూస్తుంది. భుజాల మీదుగా వచ్చి, నడుము పట్టీకి గుండీలతో తగిలించే సస్పెండర్లు వాడండి, జేగురు రంగో ముదురు ఆకుపచ్చో, కోటు కింద కనబడని రకం. వెయిస్ట్‌కోటు చివరి గుండీ పెట్టకుండా వదిలేయండి. చాలా పాత వెయిస్ట్‌కోట్లలో ఆ కాజా వాడకం లేక కొత్తగానే ఉంటుంది.