యాక్సెస్ ఫారాల్లో పాత క్యాలెండర్ తీసేసేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

కంప్యూటర్‌లో కొత్త మైక్రోసాఫ్ట్ ఆఫీస్ వేశాక, అందులోని డేటాబేస్ ప్రోగ్రామ్ యాక్సెస్‌లో మీరు చేసుకున్న ఫారాల్లో క్యాలెండర్ ఉన్నచోట ఖాళీ పెట్టె మిగిలిందని రాశావు. డేటాకేమీ కాలేదు, కంగారుపడకు. ఎంఎస్‌కాల్ డాట్ ఓసీఎక్స్ అనే ఆ క్యాలెండర్‌ను మైక్రోసాఫ్ట్ యాక్సెస్ 2010లో తీసేసింది. మీ ఫారం ఇంకా దాన్నే వెతుక్కుంటోంది.

ఆ ఫైలు పాత మెషిన్ నుంచి తెచ్చి విండోస్‌లో రిజిస్టర్ చేస్తే, అంటే నమోదు చేస్తే చాలని ఎవరో ఒకరు చెబుతారు. వినకు. అది 32 బిట్ ఫైలు, 64 బిట్ ఆఫీస్‌లో లోడ్ కాదు. 32 బిట్‌లో నడిచినా ప్రతి మెషిన్‌లోనూ అదే పని చెయ్యాలి, మళ్లీ అప్‌గ్రేడ్ వస్తే మొదటికే వస్తుంది. యాక్సెస్ 2007 నుంచి టెక్స్ట్ బాక్స్‌లోనే డేట్ పికర్, అంటే తేదీ ఎంచుకునే చిన్న క్యాలెండర్ ఉంది. దానికి మారిపో.

ముందు ఫారాలున్న ఫ్రంట్ ఎండ్ ఫైలుకు కాపీ తీసుకో. టేబుళ్లున్న బ్యాక్ ఎండ్ జోలికి వెళ్లనక్కర్లేదు. ఫారాన్ని డిజైన్ వ్యూలో తెరిచి పాత క్యాలెండర్ కంట్రోల్‌ను తీసేసి, ఆ చోట టెక్స్ట్ బాక్స్ పెట్టు. దాని ప్రాపర్టీల్లో ‘ఫార్మాట్’ దగ్గర ‘షార్ట్ డేట్’ అనీ, ‘షో డేట్ పికర్’ దగ్గర ‘ఫర్ డేట్స్’ అనీ ఉండాలి. ఏ రూపంలో టైప్ చెయ్యాలో కట్టడి చేసే ఇన్‌పుట్ మాస్క్ ఉంటే మాత్రం పికర్ గుర్తు కనిపించదు. చాలామంది గంటలు పోగొట్టుకునేది ఇక్కడే, మాస్క్ తీసెయ్.

కంట్రోల్ పోయినా, దాన్ని నొక్కితే నడిచే క్లిక్ కోడ్ ఫారం మాడ్యూల్‌లో అనాథలా మిగిలిపోతుంది. ఆ పనిని టెక్స్ట్ బాక్స్ ఆఫ్టర్ అప్‌డేట్ ఈవెంట్‌లోకి మార్చు. ఒక తేడా గమనించు: పాత క్యాలెండర్‌లో తేదీ నొక్కగానే కోడ్ నడిచేది, ఇప్పుడు ఆ బాక్స్ వదిలి బయటికొచ్చాకే నడుస్తుంది. వాడేవాళ్లకు ఈ మాట ముందే చెప్పు. పాత కోడ్‌లో క్యాలెండర్ తాలూకు ఇయర్, మంత్, డే విలువలు నేరుగా తీసుకుని ఉంటే, వాటి బదులు అవే పేర్లున్న ఫంక్షన్లు వాడు. టెక్స్ట్ బాక్స్ ఖాళీగానూ ఉండొచ్చు కాబట్టి ముందు విలువ నల్, అంటే ఖాళీ, అవునో కాదో చూడు, లేకపోతే ఎర్రర్ 94 వస్తుంది.

అన్ని ఫారాలూ అయ్యాకే ఆల్ట్ ఎఫ్11 నొక్కి కోడ్ ఎడిటర్‌లోకి వెళ్లి, టూల్స్‌లో రిఫరెన్సెస్ (కోడ్ వాడుకునే లైబ్రరీల జాబితా) తెరువు. మిస్సింగ్ అని ఉన్న క్యాలెండర్ వరుసకు టిక్ తీసెయ్. ఈ ఒక్క వరుస మిగిలినా క్యాలెండర్‌తో సంబంధమే లేని డేట్, లెఫ్ట్, ఫార్మాట్ లాంటి ఫంక్షన్ల దగ్గర లైబ్రరీ దొరకలేదని ఎర్రర్ వస్తుంది. తప్పు అక్కడ ఉందనుకుని ఆ కోడ్ తిరగరాయకు. తర్వాత డీబగ్‌లో కంపైల్ కొట్టు, ఏ వరుస దగ్గరా ఆగకూడదు.

ఇక అన్నిటికన్నా ప్రమాదం తేదీని క్వెరీలో అతికించడం. హ్యాష్ గుర్తుల మధ్య తేదీని యాక్సెస్ అమెరికా పద్ధతిలో, నెల ముందు పెట్టి చదువుతుంది. మన పద్ధతిలో 05/04/2024 అని ఇస్తే ఏప్రిల్ 5 కాస్తా మే 4 అయిపోతుంది. 25/04/2024 అయితే 25వ నెల లేదు కాబట్టి దాన్ని సరిగ్గానే తీసుకుంటుంది. అందుకే నెలాఖరులో పరీక్షిస్తే అంతా బాగున్నట్టే కనిపించి, ఒకటి నుంచి పన్నెండో తారీఖు దాకా రిపోర్టులు తప్పుతాయి. ఫార్మాట్ ఫంక్షన్‌తో సంవత్సరం, నెల, రోజు వరుసలో మార్చి, హ్యాష్ గుర్తుల మధ్యే 2024-04-05లా అతికించు. పరీక్షించేటప్పుడు 5, 9 లాంటి తేదీలే ఇచ్చి చూడు.