హాట్ టబ్బు హీటరు వేయగానే ఆర్‌సీసీబీ పడిపోతోంది

ప్రశ్న: మా పెరట్లో మూడు కిలోవాట్ల హీటరు ఉన్న హాట్ టబ్బు పెట్టించాము. పంపు ఒక్కటే నడిచినంతసేపు ఇబ్బంది లేదు. హీటరు వేయగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా తెంచే బ్రేకరు) పడిపోతోంది. మా రొయ్యల చెరువు ఏరేటర్లు చూసే ఎలక్ట్రీషియన్, ఎర్త్ బాగానే ఉంది కాబట్టి ఆర్‌సీసీబీని తీసేసి 32 ఆంపియర్ల ఎమ్‌సీబీ (కరెంటు పరిమితికి మించితే తెంచే మామూలు బ్రేకరు) ఒక్కటే ఉంచుదామంటున్నాడు. అలా చేయవచ్చునా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: చేయవద్దు. లోపం దొరికే వరకు టబ్బు మెయిన్ ఆపి ఉంచండి, అందులోకి ఎవరినీ దిగనివ్వకండి.

ఎర్త్ ఉంటే ఎమ్‌సీబీయే పడుతుందన్న మాట వినడానికి సబబుగా ఉంటుంది గానీ లెక్కకు నిలవదు. మీ ఎర్త్ నిరోధం 5 ఓములే అనుకున్నా, 230 వోల్టుల ఫేజ్ హీటరు బాడీకి తగిలినప్పుడు భూమిలోకి పోయేది 46 ఆంపియర్లకు మించదు. అంత కరెంటుకు 32 ఆంపియర్ల ఎమ్‌సీబీ పడటానికి గంట దాకా పట్టవచ్చు, అంతసేపూ టబ్బు లోహభాగాల్లో కరెంటు ఉంటుంది. మనిషి ఒంట్లో గుండె లయ తప్పడానికి ఆంపియరులో కొన్ని వందవ వంతులు చాలు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ మాత్రం ఫేజులో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి వస్తున్నదా లేదా అన్నదే చూస్తూ, ఆ మేరకు తేడా వస్తే 0.3 సెకనులోపు, తేడా అయిదు రెట్లయితే 0.04 సెకనులోపు సరఫరా తెంచేస్తుంది. చెరువు మోటారు స్టార్టరులోని రిలే మోటారు కాలకుండా చూసేదే గానీ మనిషిని కాపాడేది కాదు. మీ ఎలక్ట్రీషియన్ చేయి ఆ పనికి అలవాటుపడింది. (ఏరేటర్లకూ ఆర్‌సీసీబీ ఉండవలసిందే, అది వేరే సంగతి.)

ఇక లోపం సంగతి. నాకు మొదటి అనుమానం న్యూట్రల్ మీదే. హీటరు ఫేజును ఆర్‌సీసీబీ నుంచి తీసుకుని, న్యూట్రల్‌ను మాత్రం దగ్గరగా ఉన్నదని డీబీ బాక్సులోని (బ్రేకర్లన్నీ ఉండే పెట్టెలోని) ఉమ్మడి న్యూట్రల్ బార్‌కు కలిపి ఉంటే, హీటరు లాగే 13 ఆంపియర్లూ ఆర్‌సీసీబీకి లీకేజీగానే కనిపిస్తాయి. హీటరు న్యూట్రల్ తీగను చేత్తో పట్టుకుని చివరిదాకా వెతికించండి, మెయిన్ ఆపిన తరువాతే సుమా. అది సరిగా ఉంటే హీటరు రెండు తీగలూ విప్పించి, ఎలిమెంటుకూ దాని బాడీకీ మధ్య 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరుతో) చూపించండి. ఒక మెగా ఓముకు తక్కువ వస్తే ఎలిమెంటు మార్చవలసిందే. మీ వైపు ఉప్పుబోరు నీళ్లు ఎలిమెంటు తొడుగును త్వరగా తినేస్తాయి కనుక ఇది కొత్త టబ్బులోనూ జరగవచ్చు.

టబ్బులో ఎలక్ట్రానిక్ కంట్రోలు ఉంటే ఆర్‌సీసీబీ ‘టైప్ ఏ’ (Type A) రకానిదై ఉండాలి. ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ తెంచే ఐసోలేటరును టబ్బు అంచుకు కనీసం రెండు మీటర్ల దూరంలో, కంటికి కనిపించేలా పెట్టించండి. చేతికందే మెట్ల రెయిలింగును, లోహపు పైపులను ఎర్త్‌కు కలిపించండి. నెలకొకసారి టెస్ట్ బటన్ నొక్కాలి, కానీ ఆ బటన్ ఎర్త్ ఎలా ఉన్నదో చెప్పదు. డెల్టా నేల తడిగా ఉంటుంది గనుక ఎర్త్ అంకె మంచిగానే వస్తుంది, కానీ అదే ఉప్పు తేమ ఎర్త్ కోసం పాతిన జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపును లోపల తినేస్తూ ఉంటుంది. మే నెలలో, నేల బాగా ఆరినప్పుడు కొలిపించండి.