వాడి ముద్ద వాణ్ణే కలుపుకోనివ్వండి

ప్రశ్న: మాది నెల్లూరు, చెన్నై వేళచ్చేరిలో ఉంటున్నాం. బాబుకి నాలుగున్నరేళ్లు, ఎల్‌కేజీ. మేమిద్దరం ఉద్యోగాలకి వెళ్తాం, వాణ్ణి మా అత్తయ్య చూసుకుంటారు. ఇప్పటికీ వాడికి అన్నం తినిపించాలి, బట్టలు తొడగాలి. స్కూల్లో బాక్స్ ముందు పెట్టుకుని ఊరికే కూర్చుంటున్నాడని మిస్ చెప్పారు. నేర్పుదామంటే 7:50కి వ్యాన్ వచ్చేస్తుంది, టెన్షన్‌లో అరిచేసి చివరికి నేనే తొడిగేస్తాను. అత్తయ్యేమో 'పసివాడు, అప్పుడే ఏం తొందర' అంటారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
- ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: ముందు, పొద్దున పూట నేర్పడం మానేయండమ్మా. వ్యాన్ హారన్ వినబడుతుంటే పెద్దవాళ్లకే గుండీ సరిగ్గా పడదు. పొద్దున మీరే తొడిగేయండి, అందులో తప్పేం లేదు. నేర్పడం సాయంత్రం స్నానం అయ్యాక, లేదంటే ఆదివారం, అదీ ఒక్కసారికి ఒక్క పనే.

మొదటి పని తిండి పెట్టుకోండి, ఎందుకంటే బడిలో ఆకలితో ఉంటున్నాడు. అన్నట్టు, ఆ బాక్స్ మూత వాడికి వస్తోందా? ఈ రాత్రే వాడి చేతికిచ్చి చూడండి, బిగుతు మూత తీయలేక, మిస్‌ని అడగలేక అలాగే కూర్చునే పిల్లలు చాలామంది. రాకపోతే తేలిగ్గా తెరుచుకునే బాక్స్ కొనండి, ఇంట్లో కూడా రోజూ ఒకసారి అందులోనే పెట్టండి. సాంబారన్నంతో మొదలుపెట్టొద్దు, అది జారిపోతుంది. ఇడ్లీ ముక్కలు, దోసె ముక్కలు, తర్వాత గట్టిగా కలిపిన పప్పన్నం, పెరుగన్నం చివర్లో. మొదట్లో ముప్పావు వంతు మీరు పెట్టి చివరి నాలుగు ముద్దలు వాడికి వదిలేయండి, ఆ నాలుగూ మెల్లగా ఎనిమిదవుతాయి. కింద పడుతుంది, ఒక పాత పేపరు పరిచి, తిన్నాక వాడిచేతే ఎత్తించండి.

మీ అత్తయ్యగారిని మాత్రం తప్పుపట్టకండి. ఆవిడకి గోరుముద్దలు పెట్టడమంటే మనవడితో గడిపే సమయం, అది లాగేసుకుంటున్నట్టు అనిపిస్తే ఎవరికైనా బాధే. కథ ఆవిడ చెప్పాలి, ముద్ద వాడు తినాలి, వాడు నోట్లో పెట్టుకున్నప్పుడే కథ ముందుకు నడుస్తుంది. ఈ మాట మీరు కాకుండా మీ ఆయన వాళ్లమ్మతో చెబితే మంచిది.

బట్టలకి ఎలాస్టిక్ నిక్కరుతో మొదలుపెట్టండి. మీరు మోకాళ్ల దాకా ఎక్కించి, నడుము దాకా వాణ్ణి లాక్కోమనండి, 'నేనే వేసుకున్నా' అన్న ఆనందం మొదటి రోజే దొరుకుతుంది. టీ షర్టు బొమ్మ కిందికి ఉండేలా మంచం మీద పరిస్తే తల ఎటు దూర్చాలో వాడికే తెలుస్తుంది. బూట్ల లేసులు ఇప్పుడొద్దు, అవి ఐదారేళ్లకి వస్తాయి.

వాడి బట్టలు బీరువా కింది అరలో ఉన్నాయా? పిల్లల చదువుకి కొత్త పద్ధతి తెచ్చిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1939లో మన చెన్నై వచ్చి అడయార్ దివ్యజ్ఞాన సమాజంలో (థియోసాఫికల్ సొసైటీ) టీచర్లకి శిక్షణ ఇచ్చారు, మీకు ఎంతో దూరం కాదు ఆ చోటు. పిల్లవాడి చేతికి అందే ఎత్తులో వస్తువులుండాలి, నీళ్లు ఒంపుకోవడం, గుండీలు పెట్టుకోవడం లాంటి ఇంటి పనులే పాఠాలు కావాలి అన్నది ఆవిడ పద్ధతిలో ముఖ్యమైన సంగతి. దానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. తలుపు వెనక తక్కువ ఎత్తులో ఒక హుక్కు, వాష్ బేసిన్ దగ్గర కదలని పీట, చిన్న చెంబు చాలు.

పళ్లు వాణ్ణి తోముకోనిచ్చి తర్వాత మీరు ఒకసారి తోమండి, ఏడెనిమిదేళ్ల దాకా ఇలాగే. స్నానం మగ్గుతో వాడే పోసుకోవచ్చు, కానీ గీజర్ నీళ్లలో చన్నీళ్లు మీరే కలపాలి, నీళ్లు పట్టి ఉంచిన బకెట్లు, డ్రమ్ములు ఉన్న బాత్రూమ్‌లో ఒంటరిగా వదలకండి.

జ్వరం వచ్చినా, బాగా అలసిపోయినా మళ్లీ తినిపించమంటాడు, తినిపించండి. కొన్ని వారాలు ప్రయత్నించినా చెంచా పట్టు దొరకకపోయినా, మింగేటప్పుడు ఉక్కిరిబిక్కిరవుతున్నా పిల్లల డాక్టరుకి ఒకసారి చూపించండి.

ఇంకొక్కటి. షర్టు గుండీ ఒకటి తప్పి పెట్టుకుని మీ ముందుకొస్తాడు చూడండి, అప్పుడు మీ చెయ్యి దానంతటదే ముందుకు వెళ్తుంది. ఇంట్లోనే ఉన్నారు కదా, ఆ సాయంత్రానికి అలాగే తిరగనివ్వండి.