కేబీఆర్ పార్కులో చచ్చిన ఎలుక కంపు: అది పుట్టగొడుగేనండి

హైదరాబాద్ కేబీఆర్ పార్కులో నడకదారి పక్కన ఎర్రటి కాడ, కొసన గోధుమరంగు జిగురు, దాని నిండా ఈగలు, పక్కనుంచి వెళ్తే చచ్చిన ఎలుక కంపు, ఇదేంటని ఒకరు రాశారు. అది స్టింక్‌హార్న్ అనే జాతి పుట్టగొడుగండి. మన దగ్గర వానాకాలంలో కనిపించే ఎర్రకాడది చాలావరకు ఫాలస్ రూబికుండస్ అనే రకం. వాసన పీల్చినంత మాత్రాన ఎవరికీ ఏమీ కాదు, టెన్షన్ పడకండి.

మా కాలనీ పార్కులో కూడా వానలు పడ్డాక వస్తాయి. మొదట్లో వాకింగ్‌కి వచ్చే పెద్దవాళ్లు ఎలుక చచ్చిందని పొదలన్నీ వెతికించారు, చివరికి తోటమాలే చూపించాడు. చెట్లు కొట్టాక చెక్కపొట్టు పరిచిన చోట, మట్టిలో సగం మునిగి చిన్న కోడిగుడ్డులాంటి మెత్తటి ఉండలు ఉన్నాయి. కాడ అందులోంచే, కొన్ని గంటల్లోనే లేస్తుంది. అందుకే సాయంత్రం ఏమీ లేని చోట తెల్లారేసరికి ప్రత్యక్షమవుతుంది, ఒకటి రెండు రోజుల్లో వాలిపోతుంది కూడా.

ఆ కంపు ఈగల కోసం. చాలా పుట్టగొడుగులు సిద్ధబీజాలను (విత్తనాల్లాంటి సన్నటి పొడిని) గాలికి వదులుతాయి, దీనివి మాత్రం ఆ జిగురులో ఉంటాయి, ఈగలు తిని ఇంకోచోట విసర్జిస్తే అక్కడ మళ్లీ మొలుస్తుంది. కుళ్లిన మాంసంలో పుట్టే గంధకపు రసాయనాలే ఇందులోనూ ఉంటాయి.

దయచేసి కాలితో తన్నొద్దు, బ్లీచింగ్ చల్లమని అడగొద్దు. ఎండు కొమ్మల్ని, పొట్టుని మట్టిగా మార్చేది ఈ శిలీంధ్రాలే, బతికున్న చెట్టు జోలికి పోవు. పైగా కేబీఆర్ నేషనల్ పార్కు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అక్కడ ఏదీ పీకకూడదు. మీ ఇంటి తోటలో వస్తే మాత్రం, ఇంకా గుడ్డులాంటి ఉండలా ఉన్నప్పుడే మట్టితో సహా తీసి కవర్లో కట్టి పడేయండి, కంపే ఉండదు. పిల్లల్ని, కుక్కల్ని నోట్లో పెట్టుకోనివ్వకండి, చాలు.

నాకు అసలు భయం వేరే దానితో. ఇదే సీజన్‌లో పచ్చికలో తెల్లగా, పెద్ద గొడుగులా, ఏ వాసనా లేకుండా మొలిచేది ఒకటుంది, ముదిరాక గొడుగు కింది రేకులు ఆకుపచ్చగా మారతాయి. అది తింటే వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలవుతారు. పుట్టకొక్కులనుకుని ఎవరైనా ఏరుకుంటుంటే ఆగి చెప్పండి.